బెంగళూరు అపార్ట్‌మెంటులో 40 మీటర్ల బ్యాండుపై ఎస్9 నాయిస్: ఎక్కడ మొదలుపెట్టాలి?

హ్యామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) గురించి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. మారతహళ్లి దగ్గర ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నారు. టెర్రస్ మీద 20 మీటర్ల ఎండ్-ఫెడ్ తీగ (ఒక కొస నుంచే సిగ్నల్ అందే యాంటెన్నా) కట్టి, దాన్ని కేబులుకు సరిపెట్టే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కోయాక్స్‌ను (మధ్య తీగ చుట్టూ లోహపు అల్లిక ఉన్న కేబులును) ఎలక్ట్రికల్ డక్టు గుండా ఫ్లాటులోకి దించుకున్నారు. 7 మెగాహెర్ట్జ్ మీద, అంటే 40 మీటర్ల బ్యాండుపై, ఎస్-మీటరు (సిగ్నల్ బలాన్ని మెట్లలో చూపే మీటరు) పగలూ రాత్రీ ఎస్9 దగ్గరే నిలబడిపోతోంది. ఒంగోలులోని మీ మిత్రుడికి మీ మాట చక్కగా వినిపిస్తోంది గాని, ఆయన మాట మీ దగ్గర రొదలో కలిసిపోతోంది. నాయిస్ క్యాన్సిలర్ కొనాలా, డీఎస్‌పీ స్పీకరు (ధ్వనిలోంచి రొదను వడకట్టే స్పీకరు) కొనాలా, లేక రిగ్గునే (రేడియో సెట్టునే) మార్చాలా అని అడిగారు.

ప్రస్తుతానికి ఈ మూడింటిలో ఏదీ కొనవద్దు. ముందు చేయవలసినవి రెండే పనులు: ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసి, రిగ్గును బ్యాటరీ మీద నడిపి, నాయిస్ ఇంట్లోదో బయటిదో తేల్చుకోవడం, కోయాక్స్‌కు పై చివరా కింది చివరా ఫెరైట్ చోక్‌లు (కేబులు వెలుపల పారే కరెంటును అడ్డుకునే ఫెరైట్ రింగులు) పెట్టడం. మీ వర్ణనను బట్టి, ఆ రొదలో అధిక భాగం టెర్రస్ మీది తీగ పట్టుకున్నది కాదని, డక్టులో కరెంటు వైర్లను ఆనుకుని దిగివచ్చిన కోయాక్స్ పైఅల్లిక పట్టుకున్నదని నా అనుమానం. రొదా సిగ్నలూ కలగలిసి రిగ్గులోకి వచ్చేశాక వాటిని విడదీయడానికి ఏ స్పీకరైనా చేయగలిగింది చాలా తక్కువ. రాకుండా ఆపడంలోనే ఫలితం ఉంటుంది.

ఎంతవరకు తగ్గే వీలుందో ముందే తెలిసి ఉండడం మంచిది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి పి.372 సిఫారసులో మనుషుల యంత్రాల వల్ల పుట్టే నాయిస్‌కు నగరం, నివాస ప్రాంతం, గ్రామం అంటూ వేర్వేరు సూత్రాలు ఉన్నాయి. వాటి ప్రకారం లెక్క వేస్తే, 7 మెగాహెర్ట్జ్ మీద 2.5 కిలోహెర్ట్జ్ వెడల్పు ఎస్‌ఎస్‌బీ (మాటలు పంపే పద్ధతి) ఫిల్టరుతో నివాస ప్రాంతంలో సుమారు మైనస్ 91 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే శక్తి) వస్తుంది. ఎస్9 అంటే మైనస్ 73 డీబీఎం, ఒక్కో ఎస్ మెట్టు 6 డెసిబెల్స్ కనుక, అది సరిగ్గా ఎస్6. నగరం నడిబొడ్డున ఎస్7కు కాస్త దిగువన, పల్లెలో ఎస్5 దగ్గర ఉంటుంది. ఆ సూత్రాలకు ఆధారమైన కొలతలు స్విచ్ మోడ్ అడాప్టర్లు (కరెంటును అతివేగంగా ఆపుతూ వేస్తూ మార్చేవి) ఇంటింటా చేరక ముందటివి. పైగా మన రిగ్గుల్లోని ఎస్-మీటర్లు కిందిభాగంలో అంత నమ్మదగినవి కావు. అయినా గురి పెట్టుకోవడానికి ఈ అంకె పనికివస్తుంది. మీరు ఎస్9 నుంచి ఎస్6కు దిగగలిగితే అది 18 డెసిబెల్స్, అంటే 63 రెట్లు. అదే మేలు మీ మిత్రుడి వైపు నుంచి రావాలంటే ఆయన తన 100 వాట్లను 6,300 వాట్లు చేయవలసి ఉంటుంది.

ఇక మొదటి పరీక్ష. 12 వోల్టుల, 7 యాంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీ ఒకటి ఉంటే చాలు; వినడం వరకే అయితే రిగ్గు దాని మీద గంటలకొద్దీ నడుస్తుంది. ఏజీసీ (గెయిన్‌ను తనంతట తానే సర్దే ఏర్పాటు) వేగాన్ని, ప్రీయాంప్‌ను (సిగ్నల్‌ను ముందుగా పెంచేదాన్ని), ఫిల్టరు వెడల్పును ఒక చోట స్థిరంగా ఉంచి, 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు నాలుగైదు ఖాళీ చోట్ల ఎస్-మీటరు చూసి కాగితం మీద రాసుకోండి. తరువాత మెయిన్ స్విచ్ కట్టేయండి. ఇక్కడ చాలామంది మరచిపోయేది ఇన్వర్టరు. మెయిన్ పోగానే అది మేల్కొని ఇంట్లోని సగం లైన్లకు కరెంటు ఇస్తుంది, తానూ స్వయంగా రొద చేస్తుంది. దాన్ని కూడా పూర్తిగా ఆపిన తరువాతే ఎస్-మీటరును చూడాలి. మా ఇంట్లో ఒకసారి మెయిన్ కట్టేసినా తగ్గని నాయిస్‌కు కారణం సీసీటీవీ రికార్డరుకు ఇచ్చిన 12 వోల్టుల అడాప్టరు. అది ఇన్వర్టరు లైను మీద ఉంది కాబట్టి మెయిన్ స్విచ్‌తో దానికి నిమిత్తం లేదు.

మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపగానే నాయిస్ పడిపోతే దోషి మీ ఇంట్లోనే ఉన్నట్టు. ఒక్కొక్క ఎంసీబీని తిరిగి వేస్తూ ఏ లైను వేసినప్పుడు ముల్లు లేస్తుందో చూడండి, ఆ లైను మీద ఒక్కొక్క ప్లగ్గు తీయండి. నాయిస్ ఏ మాత్రం మారకపోతే బయటిది. చాలా ఇళ్లలో జరిగేది మాత్రం ఈ రెంటికీ మధ్యస్థం: ఒకటి రెండు ఎస్ మెట్లు తగ్గి, మిగతాది అలాగే ఉంటుంది. ఇలాంటప్పుడు నిరుత్సాహపడకుండా ముందు ఇంట్లోది పూర్తిగా శుభ్రం చేయాలి, ఎందుకంటే పెద్ద రొద తొలగితే గాని దాని కింద దాగిన చిన్నవి కనిపించవు. బెంగళూరులో ఉన్నవారికి మరో సౌకర్యం ఉంది. వీధి మొత్తానికి కరెంటు పోయినప్పుడు వెంటనే మీ ఇన్వర్టరు ఆపి, బ్యాటరీ మీద రిగ్గు వేసి వినండి. అప్పుడు వినిపించేది ఇరుగుపొరుగు యంత్రాలు లేని మీ వీధి. ఆ నిశ్శబ్దంలో కూడా మిగిలిన రొద అంటే అది దూరం నుంచి వస్తున్నది, లేదా అవతలివారి ఇన్వర్టర్లది.

రొద తీరును బట్టి కూడా చాలా తెలుస్తుంది. రిగ్గులో వాటర్‌ఫాల్ తెర (ఏ పౌనఃపున్యం మీద ఎంత సిగ్నల్ ఉందో బొమ్మలా చూపేది) ఉంటే దాన్ని వెడల్పుగా తెరిచి చూడండి. స్విచ్ మోడ్ సప్లైలు కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున సమదూరంలో మసకమసకగా లేచే గుట్టల్లా కనిపిస్తాయి, అడాప్టరు వేడెక్కేకొద్దీ మెల్లగా పక్కకు జరుగుతాయి. తీగల మీద నిప్పురవ్వలు పుట్టించే నాయిస్‌కు అలాంటి గుట్టలు ఉండవు. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అది సెకనుకు 100 సార్లు పగిలే కర్కశమైన బుర్రుమనే ధ్వని. లిఫ్టు కదిలినప్పుడే వచ్చి ఆగగానే పోతే లిఫ్టు మోటారు డ్రైవు. పొద్దున్నే నీళ్లు ఎక్కించే సమయంలో వస్తే బోరు మోటారు ప్యానెల్. పొద్దు పొడిచాక మొదలై, మబ్బు అడ్డు వచ్చినప్పుడు సన్నగిల్లి, సాయంత్రానికి పోతే సోలార్. 14.030, 21.052 మెగాహెర్ట్జ్‌ల దగ్గర సన్నని ఈల లాంటి సిగ్నల్ నిలిచి ఉంటే ఈథర్నెట్ కేబులు. విదేశీ హ్యామ్‌లు తరచు తిట్టుకునే వీడీఎస్‌ఎల్ (టెలిఫోన్ తీగల మీద వచ్చే ఇంటర్నెట్) బెడద మనకు పెద్దగా లేదు. ఇక్కడ ఇంటింటికీ వస్తున్నది ఫైబరు, దానిలో రేడియో రొద ప్రయాణించదు. అయితే ఆ ఫైబరు పెట్టెకు ఇచ్చే అడాప్టరు మాత్రం వేరే సంగతి.

ఇప్పుడు కోయాక్స్ విషయం. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ఏర్పాటులో అసలు కీలకం ఇదేనని నా అభిప్రాయం.

కోయాక్స్ లోపల సిగ్నల్ మధ్య తీగకూ అల్లిక లోపలి ముఖానికీ మధ్య నడుస్తుంది. అల్లిక వెలుపలి ముఖం మాత్రం రేడియో పౌనఃపున్యాలకు వేరే తీగతో సమానం. ఎండ్-ఫెడ్ యాంటెన్నాకు ప్రత్యేకంగా కౌంటర్‌పాయిజ్ (యాంటెన్నా కరెంటుకు రెండో వైపు దారి ఇచ్చే తీగ) ఇవ్వకపోతే అది ఆ వెలుపలి ముఖాన్నే కౌంటర్‌పాయిజ్‌గా వాడుకుంటుంది. అంటే మీ యాంటెన్నా టెర్రస్ మీద ఆగిపోలేదు. డక్టులో మెయిన్ కేబుళ్ల పక్కన, లిఫ్టు వైర్ల పక్కన, ఇంటర్నెట్ కేబుళ్ల పక్కన దిగి, మీ బల్ల మీది లాప్‌టాప్ చార్జరు దాకా వచ్చింది. దారిలో పోగుచేసుకున్న రొదనంతా పైకి మోసుకుపోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సిగ్నల్‌తో కలుపుతోంది. మీకు ఆ లక్షణాలు ఉన్నాయో లేదో సులువుగా పసిగట్టవచ్చు: కోయాక్స్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపినప్పుడు నాయిస్ గాని ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రిగ్గుకు ఎంత సరిపోలిందో చూపే అంకె) గాని మారుతుంటే, లేదా రిగ్గుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న యూఎస్‌బీ కేబులు పీకగానే రొద తగ్గితే, ఇక సందేహం అక్కరలేదు.

చికిత్స ఇది. ట్రాన్స్‌ఫార్మర్ అర్త్ టెర్మినల్‌కు 2 మీటర్ల తీగను విడిగా కౌంటర్‌పాయిజ్‌గా కట్టండి. 40 మీటర్ల బ్యాండుకు అది తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు, సాధారణంగా సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే కోయాక్స్ మీద ఒక చోక్ పెట్టండి. రెండోది కోయాక్స్ డక్టులోంచి మీ గదిలోకి అడుగుపెట్టే చోట పెట్టండి. పైది డక్టులో పుట్టిన కరెంటును యాంటెన్నా దాకా పోనివ్వదు. కిందిది మీ బల్ల మీది యంత్రాల కరెంటును అసలు డక్టులోకే ఎక్కనివ్వదు. ఒకటే పెట్టగలిగితే పైదే పెట్టండి. చోక్ పెట్టిన తరువాత ఎస్‌డబ్ల్యూఆర్ మారితే కంగారు పడవద్దు. ఇంతవరకు కోయాక్స్ కూడా యాంటెన్నాలో భాగంగా ఉండేదని, ఇప్పుడు తప్పుకుందని దాని అర్థం. తీగ పొడవును కొంచెం సవరించుకుంటే సరిపోతుంది.

చోక్ చేయడానికి 2.4 అంగుళాల ఎఫ్‌టీ 240-31 ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58 కోయాక్స్‌ను 12 నుంచి 14 చుట్లు చుట్టాలి, మొదటి చుట్టూ చివరి చుట్టూ ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉంచాలి. కేబులు మీద గట్టిగా నొక్కితే పట్టుకునే చిన్న ఫెరైట్ క్లిప్పులు 7 మెగాహెర్ట్జ్ మీద దాదాపు వృథా, ఎందుకంటే వాటిలోంచి కేబులు ఒక్కసారే దూరుతుంది. చోక్ అడ్డగింపు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది గనుక ఒకే రింగు మీది పది చుట్లు ఒక్క చుట్టుకు దాదాపు నూరు రెట్ల పని చేస్తాయి. మన ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో రింగులు కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. పాత కంప్యూటరు సప్లైలలోంచి తీసిన పసుపు-తెలుపు రింగులు ఇనుప పొడివి. ఈ పనికి పనికిరావు. మిక్స్ (ఫెరైట్ పదార్థపు రకం) పేరు చెప్పలేని నల్ల రింగులు ఒక్కొక్కసారి చాలా మంచివి దొరుకుతాయి, ఒక్కొక్కసారి దేనికీ కొరగానివి. అందువల్ల ఒకటి కొని, ఇంటికి తెచ్చి, నానో వీఎన్‌ఏతో (చేతిలో పట్టే రేడియో కొలత పరికరంతో) కొలిచిన తరువాతే మిగతావి కొనండి. చుట్టిన కోయాక్స్ అల్లికను మాత్రమే రెండు పోర్టుల మధ్య కలిపి 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్21 (ఒక పోర్టు నుంచి రెండోదానికి ఎంత చేరుతోందో చెప్పే కొలత) చూడాలి: మైనస్ 34 డెసిబెల్స్ ఉంటే అడ్డగింపు సుమారు 5,000 ఓమ్‌లు, అది మంచి చోక్, మైనస్ 21 ఉంటే సుమారు 1,000 ఓమ్‌లు, అది ఏదో ఉన్నదనిపించుకోవడానికే.

ఇంట్లో దొరికిన దోషుల విషయానికి వస్తే, నా అనుభవంలో వరుస ఇలా ఉంటుంది: పేరూ ఊరూ లేని అడాప్టర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఆర్‌ఓ ఫిల్టరు సప్లై, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జరు. బల్బులూ అడాప్టర్లూ మార్చేయడమే సులువు. ఫ్యాను లాంటివి మార్చలేం కాబట్టి వాటి సరఫరా వైర్లలో ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి ఒకే రింగు మీద చుట్టించాలి. ఒక్కదాన్నే చుడితే ఉపయోగం ఉండదు. ఇది ఎలక్ట్రీషియన్ చేత చేయించవలసిన పని.

రోజంతా నడిచే రౌటరుకు మాత్రం నేను పాత పద్ధతి సప్లై కట్టుకున్నాను. 15 వోల్టుల, 2 యాంపియర్ల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి రెక్టిఫయరు, 2,200 మైక్రోఫారడ్ కెపాసిటరు, పెద్ద హీట్‌సింక్ మీద 7812 రెగ్యులేటరు, ముందు ఒక ఫ్యూజు. బ్రిడ్జిలోని నాలుగు డయోడ్లకు అడ్డంగా 0.01 మైక్రోఫారడ్ డిస్క్ కెపాసిటర్లు కూడా వేశాను, లేకపోతే డయోడ్లు తెరుచుకుని మూసుకునేటప్పుడు అవే కొంత బుర్రుమంటాయి. రెగ్యులేటరు అయిదారు వాట్లు వేడి రూపంలో వదులుతుంది, ముట్టుకుంటే చుర్రుమంటుంది, పెట్టె అరకిలో పైనే తూగుతుంది. కానీ 40 మీటర్ల మీద అది ఉన్నదో లేదో తెలియదు. అడాప్టరు తయారీ ఇంత చవకైన రోజుల్లో ఇంతమాత్రం నిశ్శబ్దానికి ఇనుము మోయవలసి రావడం విచిత్రమే.

ఇరుగుపొరుగు దగ్గరికి వెళ్ళవలసి వస్తే ముందు మూలాన్ని కచ్చితంగా గుర్తించండి. అరచేతిలో పట్టే మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ ఇందుకు చాలు. ఆకాశవాణి బెంగళూరు 612 కిలోహెర్ట్జ్‌కు దూరంగా, పైభాగంలో ఖాళీ చోటికి ట్యూన్ చేసి మెట్ల మీదుగా, కారిడార్ల వెంట నడవండి. లోపలి ఫెరైట్ కడ్డీ కొన ఏ దిక్కుకు తిరిగినప్పుడు రొద కనిష్ఠమవుతుందో మూలం ఆ గీత మీద ఉంటుంది. గోడల్లోని వైర్లన్నీ రొదను మోస్తాయి కాబట్టి చాలా దగ్గరికి వెళ్ళాక దిక్కు గందరగోళమవుతుంది. అప్పుడు దిక్కును వదిలి, ఎక్కడ ఎక్కువగా వినిపిస్తున్నదో అదే చూడాలి.

మా పక్క భవనం పెద్దాయన ఇంటి మీది సోలార్ కథ ఈ సందర్భంలో చెప్పాలి. పగటిపూట మాత్రమే వచ్చే నాయిస్ అది. ఆయన దగ్గరికి ఫిర్యాదుతో పోలేదు, ట్రాన్సిస్టర్ పట్టుకుపోయాను. ఇన్వర్టరు దగ్గర అది గీపెట్టడం, ఆపగానే ఆకాశవాణి తేటగా వినపడడం ఆయనే విన్నారు. "ఇంతకాలం నా రేడియో పాడైందనుకున్నానండీ" అన్నారు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ ప్లస్, మైనస్ వైర్లు పిట్టగోడకు ఇటొకటి అటొకటిగా దూరదూరంగా పోతూ పెద్ద లూపులా ఉండేవి, అంటే అదొక యాంటెన్నా. ఆయన ఇన్‌స్టాలర్‌ను పిలిపించి ఆ రెంటినీ జతగా పురి తిప్పించి, ఇన్వర్టరు దగ్గరా ప్యానెళ్ల దగ్గరా రెంటినీ కలిపి పెద్ద రింగుల మీద చుట్టించాము. రింగుల ఖర్చు నాది. మూడు ఎస్ మెట్లు దిగింది. ఆ డీసీ వైర్లలో వందల వోల్టులు ఉంటాయి, ఎండ ఉన్నంతసేపు స్విచ్ తీసినా ప్యానెల్ వైపు ప్రాణాంతకమే. ఇన్‌స్టాలర్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, మీరూ నేనూ అసలే కూడదు.

కరెంటు స్తంభాల నాయిస్ వేరే జాతి. వదులైన బోల్టులు, క్లాంపుల మధ్య నిప్పురవ్వలు పొడి వేసవిలో చెలరేగి, వాన పడి అంతా తడిస్తే తరచు ఆగిపోతాయి. వానకు తగ్గే రొద అయితే అనుమానం స్తంభం మీదే పెట్టుకోవచ్చు. ఇలాంటిది వీహెచ్‌ఎఫ్ (ఇంకా పై పౌనఃపున్యాల) దాకా పాకుతుంది కనుక, 118–137 మెగాహెర్ట్జ్ విమాన బ్యాండులో ఏఎం మోడ్ వినగలిగే హ్యాండ్‌సెట్టూ, చిన్న యాగీ యాంటెన్నా (ఒకే దిక్కున బాగా పట్టేది) ఉంటే స్తంభం దాకా నడిచి వెళ్ళవచ్చు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ దూరపు మూలాలు రాలిపోయి దగ్గరిది మిగులుతుంది. స్తంభాన్ని గాని, దాని స్టే తీగను గాని కదపవద్దు. స్తంభం నంబరు రాసుకుని విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. "రేడియోలో నాయిస్ వస్తోంది" అనే కంటే "స్తంభం మీద స్పార్క్ అవుతోంది" అని చెప్పడం మేలు, అదీ నిజమే కదా.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిన రొదకు వినడానికి మాత్రమే వేరే యాంటెన్నా పెట్టుకోవడం మంచి మార్గం. మీటరు వ్యాసం గల యాక్టివ్ లూప్‌ను (యాంప్లిఫయరు కలిగిన వలయాకార యాంటెన్నాను) టెర్రస్ మీద డక్టుకు దూరంగా నిలబెట్టి, చేత్తో తిప్పుతూ రొద తగ్గే కోణంలో బిగించండి. సిగ్నల్ బలం తగ్గినట్టు కనిపిస్తుంది, దానితో పనిలేదు. రొదకూ సిగ్నల్‌కూ ఉన్న తేడా ఎంత అన్నదే చూడాలి. లూప్ కేబులుకు కూడా చోక్ పెట్టకపోతే మళ్లీ మొదటికే వస్తాము. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు లూప్ యాంప్లిఫయరుకు సరఫరా ఆపి, రిగ్గు ఇన్‌పుట్‌ను వేరు చేసే రిలే తప్పనిసరి.

మీరు అడిగిన నాయిస్ క్యాన్సిలర్ ఈ దశలో పరిశీలించదగినది. రెండో యాంటెన్నాతో రొదను విడిగా పట్టుకుని, దశ మార్చి, మొదటి దానిలోంచి తీసివేసే పరికరం అది. మూలం ఒక్కటే అయి, అది స్థిరంగా ఉంటే అద్భుతంగా పనిచేస్తుంది. అపార్ట్‌మెంటులో మూలాలు డజన్లకొద్దీ ఉంటాయి. ఒకదాన్ని మాపితే రెండోది పైకి తేలుతుంది. డీఎస్‌పీ స్పీకరు చెవికి హాయి కలిగిస్తుంది, అలసట తగ్గిస్తుంది, రొదలో మునిగిన మాటను పైకి తీయదు. రిగ్గులోని నాయిస్ బ్లాంకరు నిప్పురవ్వల నాయిస్ మీద బాగా పనిచేస్తుంది, అడాప్టర్ల మీద పనిచేయదు. 40 మీటర్ల మీద ప్రీయాంప్ కట్టేసి ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించి వినడం మాత్రం ఇప్పుడే అలవాటు చేసుకోండి. మోర్స్ వచ్చినవారైతే 500 హెర్ట్జ్ ఫిల్టరుతోనే 7 డెసిబెల్స్ రొద తగ్గుతుంది.

అర్తింగ్ గురించి ఒక మాట, ఎందుకంటే ఎవరో ఒకరు గొయ్యి తవ్వమని తప్పక సలహా ఇస్తారు. అర్త్ గొయ్యి పిడుగులకూ షాకులకూ అవసరం. నాయిస్‌ను అది పీల్చుకోదు. మూడో అంతస్తు నుంచి కిందికి దిగే అర్త్ తీగ 7 మెగాహెర్ట్జ్‌కు మరొక యాంటెన్నా మాత్రమే. నాయిస్ తగ్గుతుందని ప్లగ్గులో అర్త్ పిన్ను తీసేయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. అర్త్ ద్వారా రొద వస్తుంటే మూడు వైర్లనూ కలిపి రింగు మీద చుట్టండి.

కొలతలు పోల్చేటప్పుడు రోజూ ఒకే వేళ ఎంచుకోండి, ఉదయం పది పదకొండు మధ్య అయితే మేలు. రాత్రి 7 మెగాహెర్ట్జ్ మీద దూరదూరాల రొద కూడా అయనోస్ఫియర్ గుండా వచ్చి చేరుతుంది. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో చిటపటలాడేది ఉరుముల నాయిస్, దానికి చోక్ మందు కాదు. అప్పుడు చేయవలసింది కోయాక్స్ పీకి పక్కన పెట్టడమే. మెయిన్, ఇన్వర్టరు ఆపకముందు, ఆపిన తరువాత ఎస్-మీటరు ఎంతెంత చూపిందో, పై చోక్ పెట్టాక ఏమైందో రాయండి. వాటర్‌ఫాల్ ఫోటో కూడా జతచేస్తే గుట్టల మధ్య దూరాన్ని బట్టి ఏ రకం సప్లైయో ఊహించడానికి ప్రయత్నిస్తాను.